ఆరని చుక్కలు, మెట్ల అంచులు

చెల్లెలి కూతురి పుట్టినరోజుకు ‘శుభాకాంక్షలు’ అని తళతళలాడే అక్షరాలు చేద్దామని గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిచాను. పని సులువే అనిపించింది. అక్షరాలున్న లేయరుకు, అంటే పొరకు, మూడు నకళ్లు తీసి, ఒక్కోదానిపై ఒక్కో రకంగా నాయిస్ (చెల్లాచెదురు చుక్కలు) చల్లి, అక్కడక్కడా మెరుపు చుక్కలు పెట్టి, ఒక్కో లేయరు ఒక్కో ఫ్రేముగా కదిలే జిఫ్ యానిమేషన్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను.

ఒకసారి వెలిగిన చుక్క మళ్లీ ఆరలేదు! మూడో ఫ్రేము వచ్చేసరికి అక్షరాలకు ఆటలమ్మ పోసినట్టుంది. ఎక్స్‌పోర్ట్‌లో ‘కంబైన్’ పద్ధతి ఉండిపోవడమే కారణం; అందులో కొత్త ఫ్రేము పాతదాని మీదే పరుచుకుంటుంది. ప్రతి లేయరు పేరు చివర బ్రాకెట్లలో ‘రీప్లేస్’ అని ఇంగ్లీషులో చేర్చాను. దాని పక్కనే మరో బ్రాకెట్లలో 100 మిల్లీసెకన్ల వ్యవధి కూడా. చుక్కలు బుద్ధిగా ఆరాయి.

అసలు తలనొప్పి అంచులది. జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనబడాలి, లేదా పూర్తిగా మాయం కావాలి. సగం పారదర్శకత కుదరదు. మన అక్షరాలేమో అన్నీ వంపులే. ‘శు’ కొమ్ము మెట్లు మెట్లుగా తేలింది. సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్లను బ్యాక్‌గ్రౌండ్ రంగుతో కలిపేసే ‘సెమీ ఫ్లాటెన్’ వాడితే నునుపు వచ్చింది గానీ, మెరూన్ కార్డుపై పెట్టగానే చుట్టూ తెల్లటి గీత. తప్పు నాదే: బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపుగా వదిలేశాను. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రంగులు 256కు కుదించుకుపోతాయి కాబట్టి, దానికి ముందే కార్డు మెరూన్‌ను బ్యాక్‌గ్రౌండ్‌గా ఎంచి, మూడు లేయర్లకూ పాత సెమీ ఫ్లాటెన్ రద్దు చేసి మళ్లీ చేశాను. గీత పోయింది.

మేనకోడలికి మాత్రం ఆటలమ్మ బొమ్మే నచ్చింది.