పెద్దాసుపత్రిలో క్లినికల్ ట్రయల్‌లో చేరమని అడిగితే సంతకానికి ముందు చేయవలసిన పనులు

శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి, విశాఖపట్నంలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి, మధ్యాహ్నానికి డాక్టరు గదికి చేరిన రోగిని "మీ జబ్బుకు కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నాం, చేరతారా?" అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు "మీరెలాగంటే అలాగే బాబూ" అన్నది. చట్టం దృష్టిలో ఆ మాట సమ్మతి కాదు. రోగి తరఫున వెంట వచ్చినవారు, ముఖ్యంగా ఇంట్లో చదువుకొన్న పిల్లలు, ఆ జవాబుకూ సంతకానికీ మధ్య ఏమేమి చేయవచ్చో తెలుసుకొని ఉంటే మంచిది.

ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మేము చేరకపోతే ఈ జబ్బుకు మామూలుగా ఏ వైద్యం చేస్తారు?" ప్రభుత్వాసుపత్రిలో మనకు వైద్యం చేసే డాక్టరే ట్రయల్ పరిశోధకుడు కూడా అయి ఉండవచ్చు కనుక, ఎక్కడ వైద్యం ముగిసి ఎక్కడ పరిశోధన మొదలవుతుందో రోగికి కనబడదు. పై ప్రశ్నకు వచ్చే జవాబు ఆ రెండింటినీ విడదీస్తుంది. చాలా ట్రయల్స్‌లో మనకు ఏ మందు రావాలో డాక్టరు ఎంచుకోరు. లాటరీ వంటి పద్ధతిలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కొత్త మందు రావచ్చు, పాత మందే రావచ్చు, కొన్ని ట్రయల్స్‌లో మందు లేని ఉత్త మాత్ర రావచ్చు, అది ఏదన్నది డాక్టరుకు కూడా తెలియకపోవచ్చు. ఉత్త మాత్ర ఉంటుందని చెబితే, ఉన్న వైద్యాన్ని ఆపి దానిని ఇస్తారా, లేక ఉన్న వైద్యానికి తోడుగా ఇస్తారా అన్నది తప్పక అడగాలి. ఈ రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

ట్రయల్ అన్న మాట కింద రకరకాల పనులు జరుగుతాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతూ రక్తం, మూత్రం నమూనాలు తీసుకోవడం పరిశీలన. అందులో కొత్త మందు లేదు. 2020లో కొవాగ్జిన్ టీకా తొలి దశల పరీక్షలకు ఎంపిక చేసిన 12 ఆసుపత్రుల జాబితాలో కేజీహెచ్ ఉంది. అవి ఆరోగ్యవంతులైన వలంటీర్ల మీద చేయదలచిన పరీక్షలు. వైద్య కళాశాలలో పీజీ విద్యార్థి తన థీసిస్ కోసం, ఇప్పటికే అనుమతి ఉన్న రెండు మందులను పోల్చి చూడడం ఇంకొక రకం. కంపెనీ జరిపే కొత్త మందు ట్రయల్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి తప్పనిసరి. అనుమతి ఉన్న మందులతో చదువు కోసం చేసే ట్రయల్‌కు సాధారణంగా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) ఆమోదం సరిపోతుంది. కనుక "దీనికి డబ్బు పెడుతున్నది ఎవరు?" అని అడగడం అమర్యాద కాదు. నష్టపరిహారం ఎవరివ్వాలో తేలేది ఆ జవాబుతోనే.

రెండవ పని, ట్రయల్ నమోదు సంఖ్య అడిగి రాసుకోవడం. భారత వైద్య పరిశోధన మండలి 2007 నుంచి నడుపుతున్న సీటీఆర్ఐ అనే నమోదు పట్టికలో, మొదటి రోగిని చేర్చుకోవడానికి ముందే ట్రయల్ వివరాలు పెట్టాలి. సంఖ్యలో సీటీఆర్ఐ అన్న అక్షరాల తరువాత సంవత్సరం, నెల, చివర వరుస సంఖ్య ఉంటాయి. ఆ సైటును ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ట్రయల్ ఏ దశలో ఉంది, ఎవరు డబ్బు పెడుతున్నారు, ఏ వయసువారిని తీసుకొంటారు, ఏయే ఆసుపత్రులలో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందా లేదా అన్నవన్నీ అందులో ఉంటాయి. మన ఆసుపత్రి పేరు ఆ జాబితాలో లేకపోతే కారణం అడిగి తెలుసుకొన్నాకే ముందుకు వెళ్లాలి. ఎవరూ అడగకపోయినా తమ జబ్బుకు ట్రయల్ ఉందేమోనని తామే వెతికేవారు, ఉదాహరణకు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నవారు, విశాఖపట్నం పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎస్ తరువాత హెచ్ ఉన్న రూపమూ, లేని రూపమూ రెండూ వెతకాలి. మన ఊరి పేరు రాసేవారి మధ్య ఎప్పుడూ ఏకాభిప్రాయం లేదు.

ఇక కాగితం. రోగికి అర్థమయ్యే భాషలో, అంటే మనకు తెలుగులో, సమాచార పత్రమూ సమ్మతి పత్రమూ ఇవ్వాలి. సంతకం చేసిన తరువాత ఒక ప్రతి రోగి చేతిలో ఉండాలి. దానిని ఆ పూటే సంతకం చేయకుండా ఇంటికి తీసుకువెళ్లి, ఒక రాత్రి ఉంచుకొని, చదివి రావడం అన్నిటికంటే ఉపయోగపడే పని అని నా అభిప్రాయం. అత్యవసర స్థితి కాకపోతే అందుకు అభ్యంతరం చెప్పేవారు ఉండకూడదు. చెబితే అదే ఒక సమాచారం. చదవడం రానివారి విషయంలో, పరిశోధకుల బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండాలి. చివర్లో వేలిముద్ర దగ్గర సంతకం పెట్టడానికి మాత్రమే వచ్చినవారు సాక్షి కారు. తమ మేలు తాము కాచుకోలేని బలహీన స్థితిలో ఉన్నవారి మీద సరికొత్త మందును పరీక్షించేటప్పుడు, వివరించడమూ ఒప్పుకోవడమూ వీడియోలో రికార్డు చేయాలని క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం చేసిన 2019 నాటి నియమాలు చెబుతున్నాయి.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే) టీకా వేసిన ప్రాజెక్టులో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2010లో ప్రాజెక్టును ఆపారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. పిల్ల తరఫున ఎవరు సంతకం చేయవచ్చన్నది మాత్రం మన్యం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్న ప్రతి హాస్టల్‌కూ వర్తించే ప్రశ్న.

సమ్మతి పత్రంలో నామినీ పేరు, చిరునామా, రోగి వృత్తి, వార్షికాదాయం రాసే గడులు ఉంటాయి. వాటిని ఖాళీగా వదలకండి. మందు కారణంగా మరణం సంభవిస్తే 8 లక్షల రూపాయలను ఆధారంగా తీసుకొని, వయసునూ చేరేనాటి ఆరోగ్యాన్నీ బట్టి పరిహారం లెక్కిస్తారు. ఆరోగ్యాన్ని సూచించే అంకె, ఆరు నెలలకు మించి బతకరనుకొన్నవారికి 0.5, ఆరోగ్యవంతులకు 4. అంటే చేరేనాటికి మనిషి ఎలా ఉన్నాడన్నదానిని బట్టి మొత్తం ఎనిమిది రెట్ల వరకు మారుతుంది. అందుకే చేరడానికి ముందు చేసిన రక్తపరీక్షలు, స్కానింగ్ రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితాలు అన్నిటికీ జిరాక్సు తీయించి ఇంట్లో ఒక సంచిలో ఉంచుకోవాలి. కేస్ షీటు ఆసుపత్రిలో ఉంటుంది. అవసరమైన రోజున అది మన చేతికి అందాలంటే సమయం పడుతుంది.

చేరాక ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకొన్నా, నాటు మందు వాడినా ట్రయల్ డాక్టరుకు చెప్పాలి. చెబితే కోప్పడతారని దాచితే ప్రమాదం మనకే. ప్రతి విజిట్‌కూ పాడేరు నుంచి వచ్చి వెళ్లే ఛార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారో ముందే రాతలో ఉండాలి. పరిశోధన కోసం చేసే పరీక్షలకు రోగి డబ్బు కట్టనక్కరలేదు.

ఒంట్లో తేడా చేస్తే మొదట ఫోను చేయవలసింది పత్రంలో ఉన్న పరిశోధకుడి నంబరుకు. ఆసుపత్రిలో చేరవలసినంత తీవ్రమైన ఇబ్బంది వస్తే, పరిశోధకుడు ఆ సంగతిని 24 గంటల్లో నియంత్రణ సంస్థకూ, ఎథిక్స్ కమిటీకీ, డబ్బు పెట్టినవారికీ తెలియజేయాలి. ఆ వైద్యం ఉచితం. అది ట్రయల్ వల్ల వచ్చినది కాదని తేలేవరకు, లేదా అవసరం తీరిందని డాక్టరు చెప్పేవరకు కొనసాగాలి. డాక్టరుతో మాట పెరిగే పరిస్థితి వస్తే ఎథిక్స్ కమిటీకి రాయవచ్చు. అందులో కనీసం ఏడుగురు సభ్యులుంటారు, సగం మంది ఆసుపత్రికి బయటివారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యుడూ న్యాయం తెలిసినవారూ ఉంటారు. తెలుగులో చేతిరాతతో ఇచ్చిన అర్జీ కూడా అర్జీయే. ఇచ్చినట్టు తేదీ వేసిన రసీదు తీసుకోండి.

మానేయాలనుకొంటే కారణం చెప్పనక్కరలేదు. చేరనన్నా, మధ్యలో మానినా ఓపీ చీటీ, వార్డులో మంచం, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కింద రావలసిన వైద్యం ఏదీ ఆగకూడదు. అయితే మాత్రలు ఒక్కసారిగా ఆపితే హాని చేసే మందులు కొన్ని ఉంటాయి కనుక, "ఇంక రాను" అని ఇంట్లో కూర్చోకుండా చివరిసారి ఒకసారి వెళ్లి, మందు ఎలా ఆపాలో, తరువాత ఏ మందు వాడాలో రాయించుకొని రావాలి.