గ్రీస్ పరీక్షతో నైట్రైట్ కొలవడం: గులాబీ రంగు ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు చెప్పదు

ఒక మొక్క సారానికి వాపును తగ్గించే గుణం ఉందో లేదో తేల్చాల్సి వచ్చినప్పుడు ఫార్మసీ, బయోటెక్నాలజీ ప్రాజెక్టుల్లో ఎక్కువమంది మొదట పట్టుకునేది గ్రీస్ పరీక్షనే. వాపు సంకేతం అందిన కణాలు వదిలే నైట్రైట్‌ను ఇది గులాబీ రంగుగా చూపిస్తుంది. ఖర్చు తక్కువ. రంగు గాఢతను కొలిచే ప్లేట్ రీడర్ ఒకటి ఉంటే చాలు, కల్చర్ సిద్ధమయ్యాక అరగంటలో ఫలితం కళ్లముందు ఉంటుంది. తప్పుడు ఫలితం రావడం కూడా ఇందులో అంతే తేలిక. రంగు తగ్గడానికి ఐదారు కారణాలుంటాయి, వాటిలో వాపు తగ్గడం ఒక్కటి మాత్రమే. మిగతావాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చడానికి ప్లేట్‌లోని ఏ వెల్‌లో, అంటే ఏ చిన్న గుంటలో, ఏం పెట్టాలన్నదే ఇక్కడ అసలు పని.

ముందు లోపల జరిగేది చూద్దాం. చిట్టెలుక మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణానికి బ్యాక్టీరియా పొరలోని లైపోపాలీశాకరైడ్, అంటే ఎల్‌పీఎస్, తగలగానే టీఎల్ఆర్4 గ్రాహకం దాన్ని పసిగడుతుంది. జన్యువులను పనిలో పెట్టే ఎన్ఎఫ్-కప్పా-బీ ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్తుంది, ఐనాస్ అనే ఎంజైమ్ కొత్తగా తయారవుతుంది. ఆ ఎంజైమ్ ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ చేస్తుంది. ఈ వాయువు ఎక్కువసేపు నిలవదు, మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవంలోని ఆక్సిజన్‌తో కలిసి చాలావరకు నైట్రైట్‌గా మారి పేరుకుంటుంది. ఆమ్లంలో నైట్రైట్ సల్ఫనిలమైడ్‌తో కలిస్తే డయజోనియం లవణం, దానికి ఎన్ఈడీ (నాఫ్తిల్ ఇథిలీన్ డయమిన్) చేరితే ముదురు గులాబీ రంగు. ఈ చర్య మూల సూత్రాన్ని పీటర్ గ్రీస్ 1879లో వివరించాడు, అది నేటికీ పెద్దగా మారలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. టీహెచ్‌పీ-1 లాంటి మానవ కణాలతో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. మానవ మాక్రోఫేజ్‌లకు ఎల్‌పీఎస్ ఇచ్చినా కల్చర్‌లో నైట్రైట్ దాదాపు రాదు. వాటిలో టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు ప్రొటీన్‌ను ఎలైసా (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష)తో కొలవాలి. నెలల తరబడి సున్నా రీడింగులు చూసి రియేజెంట్లు మార్చుకుంటూ పోయేవాళ్లకు ఈ ఒక్క మాట మొదటే తెలిస్తే ఎంతో శ్రమ తప్పేది.

కణాలు

వాడాల్సింది రా 264.7 చిట్టెలుక మాక్రోఫేజ్ లైన్. మన దేశంలో పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. హై గ్లూకోజ్ డీఎంఈఎం మీడియం, 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం), 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఫ్లాస్క్ 70 నుంచి 80 శాతం నిండగానే పాసేజ్ చేయాలి, అంటే కణాలను విడదీసి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చాలి. పూర్తిగా నిండి కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కేదాకా వదిలేస్తే ఆ తర్వాత ఎల్‌పీఎస్‌కు సరిగా స్పందించవు. వీటిని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో లేపడం మంచిది కాదు. గట్టిగా అతుక్కుంటాయి కాబట్టి ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది, ఉపరితల గ్రాహకాలు దెబ్బతింటాయి. చల్లని మీడియం పోసి స్క్రేపర్‌తో మెల్లగా గీకితే చాలు. పాసేజ్ 20 దాటిన కణాలను ఈ పరీక్షకు వాడకపోవడం మేలు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకిందేమో పరీక్ష కూడా చేయించాలి. అది సోకిన కల్చర్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, నైట్రైట్ అంకెలు మాత్రం వారం వారం మారిపోతుంటాయి.

మైక్రోస్కోప్ కింద ఏమీ ఇవ్వని కణం గుండ్రంగా, చిన్నగా, మెరుస్తూ ఉంటుంది. ఎల్‌పీఎస్ ఇచ్చిన మర్నాడు చూస్తే అదే కణం వెడల్పుగా పరుచుకుని, అంచులు సాగి, లోపల బుడగల్లాంటి ఖాళీలతో కనిపిస్తుంది. ఏమీ ఇవ్వకముందే ఫ్లాస్క్‌లో చాలా కణాలు ఇలా సాగి ఉంటే అవి అప్పటికే ఉద్రేకంలో ఉన్నాయని అర్థం. ఆ రోజు ప్లేట్ వేయకండి.

ద్రావణాలు

సల్ఫనిలమైడ్ ద్రావణం: 80 మిల్లీలీటర్ల నీటిలో 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 3.5 మిల్లీలీటర్లు మెల్లగా పోయండి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో కాదు. 1 గ్రాము సల్ఫనిలమైడ్ కరిగించి 100 మిల్లీలీటర్లకు నింపండి. ఎన్ఈడీ ద్రావణం: 100 మిల్లీలీటర్ల నీటిలో 0.1 గ్రాము. రెండింటినీ ముదురు సీసాల్లో 4 డిగ్రీల దగ్గర విడివిడిగా ఉంచాలి. ఎన్ఈడీ గోధుమ రంగుకు తిరిగితే పారేయడమే. వాడే నీటిని కూడా ఒకసారి పరీక్షించండి. నీళ్లు, రెండు రియేజెంట్లు మాత్రమే ఉన్న వెల్ లేత గులాబీకి తిరిగితే నీటిలోనే నైట్రైట్ ఉంది.

స్టాండర్డ్‌కు సోడియం నైట్రైట్ 0.69 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తే 100 మిల్లీమోలార్ వస్తుంది. దాన్ని 1000 రెట్లు పలుచన చేస్తే 100 మైక్రోమోలార్. అక్కడి నుంచి సగం సగం చేసుకుంటూ 50, 25, 12.5, 6.25, 3.13, 1.56, చివరకు 0. ఈ పలుచనలన్నీ కణాలకు వాడిన మీడియంతోనే చేయాలి, నీళ్లతో కాదు. వీలైతే ఫినాల్ రెడ్ లేని డీఎంఈఎం తీసుకోండి. దొరక్కపోతే కంగారు అక్కర్లేదు. ఆమ్లం పడగానే ఫినాల్ రెడ్ పసుపుకు తిరుగుతుంది కాబట్టి గులాబీ రంగును చదివే 540 నానోమీటర్ల దగ్గర అడ్డు తక్కువ, స్టాండర్డ్‌లోనూ అదే మీడియం ఉంటే మిగిలినది తీసివేతలో పోతుంది.

ఎల్‌పీఎస్ స్టాక్ 1 మిల్లీగ్రాము/మిల్లీలీటర్ చేసి చిన్న చిన్న భాగాలుగా ఫ్రీజ్ చేయండి. అది ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది, గుంపులుగా కూడుకుంటుంది. తీసిన ప్రతిసారీ ఒక నిమిషం వోర్టెక్స్ చేయకపోతే మొదటి వెల్‌కు ఒక మోతాదు, చివరి వెల్‌కు మరో మోతాదు పడుతుంది.

ప్లేట్

మొదటి రోజు సాయంత్రం 96 వెల్ ప్లేట్‌లో వెల్‌కు 50 వేల కణాలు, 100 మైక్రోలీటర్లలో. చచ్చిన కణాలకు మాత్రమే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కించినప్పుడు బతికున్నవి 95 శాతం పైన ఉండాలి. అంచు వెల్స్‌లో కణాలు వేయకుండా పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్ ఉప్పు ద్రావణం) నింపండి. అక్కడ నీరు ఆవిరై నైట్రైట్ గాఢత దానంతటదే పెరిగినట్టు కనిపిస్తుంది.

మర్నాడు పాత మీడియం తీసేసి సారం కలిపిన కొత్త మీడియం 180 మైక్రోలీటర్లు పోయండి. గంట తర్వాత 1 మైక్రోగ్రాము/మిల్లీలీటర్ ఎల్‌పీఎస్ 20 మైక్రోలీటర్లు కలిపితే చివరి గాఢత 100 నానోగ్రాములు/మిల్లీలీటర్ అవుతుంది. ఈ 20 చేరడంతో సారం కూడా కాస్త పలచబడుతుందని మరచిపోతారు. చివరకు 50 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ కావాలంటే ముందు 55.6తో మొదలుపెట్టాలి. సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ ఏ వెల్‌లోనూ 0.1 శాతం దాటకూడదు, అన్ని వెల్స్‌లో సమానంగా ఉండాలి. ఇక 24 గంటలు ఇంక్యుబేటర్‌లో. 4 గంటలకే తీస్తే ఏమీ కనిపించదు. ఐనాస్ తయారై, నైట్రైట్ పేరుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

ప్లేట్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి: ఏమీ ఇవ్వని కణాలు, డీఎంఎస్ఓ మాత్రమే, ఎల్‌పీఎస్ మాత్రమే, ఎల్‌పీఎస్‌తో సారం కనీసం నాలుగు గాఢతల్లో, ఎల్‌పీఎస్ లేకుండా సారం మాత్రమే, ఎల్‌పీఎస్‌తో డెక్సామెథసోన్ 1 మైక్రోమోలార్, ఎల్‌పీఎస్‌తో ఎల్-ఎన్ఎంఎంఏ 250 మైక్రోమోలార్. చివరి రెండూ ఒకటే పని చేయవు. డెక్సామెథసోన్ ఐనాస్ తయారీని తగ్గిస్తుంది, ఎల్-ఎన్ఎంఎంఏ తయారైన ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు.

రంగు, లెక్క

కొత్త ప్లేట్‌లో 50 మైక్రోలీటర్ల పైద్రవం వేసి, 50 సల్ఫనిలమైడ్ కలిపి, వెలుతురు తగలకుండా 10 నిమిషాలు ఉంచండి. తర్వాత 50 ఎన్ఈడీ, మరో 10 నిమిషాలు. ఈ వరస తిప్పవద్దు. బుడగలుంటే శుభ్రమైన సూదితో పొడిచి, 540 నానోమీటర్ల దగ్గర అరగంటలోపు చదవాలి. అంతకు మించితే రంగు వెలుస్తుంది.

ఎల్‌పీఎస్ మాత్రమే ఉన్న వెల్స్ సాధారణంగా 20 నుంచి 40 మైక్రోమోలార్ మధ్య, ఏమీ ఇవ్వనివి 2 చుట్టుపక్కల ఉంటాయి. ఈ తేడా రాని ప్లేట్‌లో మిగతా అంకెలను చూడాల్సిన పనే లేదు. ఎల్‌పీఎస్‌లో 32, ఏమీ ఇవ్వని వాటిలో 2, సారంతో 14 వచ్చాయనుకుందాం. తగ్గింది 18, మొత్తం పెరుగుదల 30, కాబట్టి నిరోధం 60 శాతం. 18ని 32తో భాగించేవాళ్లున్నారు, అది తప్పు. ఇంకో మాట, ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ పెడితే అది మూడు ప్రయోగాలు కాదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్‌లతో మూడుసార్లు చేయాలి.

రంగు తగ్గింది, మరి కారణం?

మొదటి అనుమానం కణాలు చచ్చిపోయాయేమోనని. పైద్రవం తీశాక అదే ప్లేట్‌లో ఎంటీటీ చేయండి, బతికున్న కణాలు ఈ పసుపు రసాయనాన్ని ఊదారంగుకు మారుస్తాయి. మిగిలిన మీడియం పూర్తిగా తీసి, పీబీఎస్‌తో ఒకసారి కడిగి, 0.5 మిల్లీగ్రాము/మిల్లీలీటర్ ఎంటీటీ 100 మైక్రోలీటర్లు, 3 గంటలు, తర్వాత డీఎంఎస్ఓలో కరిగించి 570 దగ్గర రీడింగ్. కడగడం మానకండి. పాలీఫినాల్స్ కణాల సాయం లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మారుస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. ఎంటీటీ 90 శాతం కంటే కిందకు పడిపోయిన గాఢతలను నైట్రైట్ గ్రాఫ్ నుంచి తీసేయడమే సరైనది.

రెండోది చాలామంది చూడనే చూడరు. ఆమ్లంలో విటమిన్ సీ, పాలీఫినాల్స్ నైట్రైట్‌ను నేరుగా మింగేస్తాయి. ఉసిరి, కరక్కాయ లాంటి సారాలతో ఇది కచ్చితంగా పరీక్షించాలి. కణాలు లేని మీడియంలో 25 మైక్రోమోలార్ నైట్రైట్ వేసి, అదే గాఢతలో సారం కలిపి గ్రీస్ చేయండి. 25కు దగ్గరగా వస్తే మంచిదే. 15 వస్తే మీరు కణాల్లో చూసిన నిరోధంలో చాలా భాగం ప్లేట్‌లో జరిగిన రసాయన చర్యే.

మూడోది ఎదురు దిశలో మోసం చేస్తుంది. మందార పూలు, నేరేడు పండు తొక్క సారాల్లోని ఆంథోసయనిన్లు ఆమ్లం పడగానే తామే ఎర్రబడతాయి, 520 చుట్టుపక్కల వెలుగును పీల్చుకుంటాయి. నైట్రైట్ ఏమీ లేకున్నా వెల్ గులాబీగా ఉంటుంది. ప్రతి గాఢతకు ఎన్ఈడీ బదులు నీళ్లు పోసిన ఒక వెల్ పెట్టి, ఆ రీడింగ్ తీసివేయండి.

సారం ఒక్కటే ఇచ్చిన వెల్స్‌లో నైట్రైట్ పెరిగితే దానికి రోగనిరోధక శక్తిని పెంచే గుణం ఉందని వెంటనే రాసేయకండి. ఎండబెట్టిన ఆకుల మీద, వేళ్ల మీద బ్యాక్టీరియా ఉంటుంది, ఎల్‌పీఎస్ వేడికి లొంగదు, ఆటోక్లేవ్ చేసినా పోదు. తిప్పతీగ కాండం నీటి సారంలో వచ్చే స్పందన మొక్కదో బ్యాక్టీరియాదో తేలాలంటే ఎల్‌పీఎస్‌ను పట్టి ఆపే పాలీమిక్సిన్ బీ 10 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ కలిపి మళ్లీ చూడాలి. దానితో స్పందన పడిపోతే అది ఎల్‌పీఎస్ పనే.

ఇవన్నీ దాటాక కూడా సారం ఐనాస్ తయారీని ఆపిందా, ఎంజైమ్‌ను ఆపిందా అన్నది మిగులుతుంది. దీనికి ఎల్‌పీఎస్ ఇచ్చిన 12 గంటల తర్వాత మీడియం మార్చి, అప్పుడు సారం వేసి, మరో 12 గంటలకు కొలవండి. అప్పటికే ఎంజైమ్ తయారై ఉంటుంది. ఇప్పుడూ నైట్రైట్ గట్టిగా తగ్గితే ఎంజైమ్ మీదే పనిచేస్తుండొచ్చు. ముందు వేసినప్పుడే తగ్గితే తయారీ దశలో అని అనుకుని, ఐనాస్ ప్రొటీన్ ఎంత ఉందో చూపే వెస్టర్న్ బ్లాట్ పెట్టండి.

రక్తరసానికి ఇదే పద్ధతి నేరుగా పనికిరాదు. రక్తంలో హిమోగ్లోబిన్ వల్ల నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా నైట్రేట్‌గా మారుతుంది, గ్రీస్ పరీక్ష నైట్రేట్‌ను చూడలేదు. ముందు నైట్రేట్ రిడక్టేజ్‌తోనో వనేడియం క్లోరైడ్‌తోనో దాన్ని నైట్రైట్‌గా మార్చాలి. కల్చర్‌కూ అలా మొత్తం కొలవాలనుకుంటే ఆర్‌పీఎంఐ 1640 మీడియం వాడకండి, దాని తయారీలోనే లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం నైట్రేట్ ఉంటుంది.