517504ని కాగితం మీద విడగొట్టడం ఎలా?

తిరుమల పిన్ కోడ్ 517504, కొండ కింద తిరుపతిది 517501. తేడా మూడే, కానీ లెక్కలో ఈ రెండింటికీ అసలు పొంతన లేదు. కాలిక్యులేటర్ పక్కన పెట్టి ఈ రెండింటినీ ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టి చూడండి, ఏ ఆరంకెల సంఖ్యకైనా ఇదే పద్ధతి.

ముందు తిరుమలది. సరి సంఖ్య కాబట్టి బేసి తగిలేదాకా సగం చేసుకుంటూ పోండి: 258752, 129376, 64688, 32344, 16172, 8086, 4043. ఏడు సగాలు, అంటే లోపల 128 ఉన్నట్టే. ఇక్కడ చాలామంది 4043ని 3తో, 7తో, 11తో వరసగా భాగించడం మొదలుపెడతారు, అంత కష్టం అక్కర్లేదు. అసలు సంఖ్యను మధ్యకి విరిచి 517లోంచి 504 తీసేయండి. 13 వస్తుంది. 7, 11, 13 గుణిస్తే 1001 కదా, అందుకని ఈ తేడా ఆ మూడింట్లో ఏ ఎక్కంలో పోతే మొత్తం సంఖ్య కూడా ఆ ఎక్కంలో పోతుంది. కాబట్టి 13తో పోతుంది, 7తో, 11తో పోదు. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పాయి (బడిలో ఇది ముందే చెప్పుంటే ఎంత బాగుండేదో). 4043ని 13తో భాగిస్తే 311, అది ప్రధాన సంఖ్య. అంటే 517504 = 2⁷×13×311.

కారణాంకాలు ఎన్నో కావాలంటే ఘాతాలకి ఒక్కోటి కలిపి గుణించండి: 8×2×2, మొత్తం 32. వాటన్నిటినీ కూడాలంటే (1+2+4+…+128)×(1+13)×(1+311), అంటే 255×14×312, మొత్తం 1113840. అందులోంచి 517504ని తీసేసినా 596336 మిగులుతుంది, అసలు సంఖ్య కంటే ఎక్కువ!

తిరుపతి సంఖ్య మాత్రం మొండిది. 517లోంచి 501 పోతే 16, కాబట్టి 7, 11, 13 మూడూ ఔట్. అంకెల మొత్తం 19, 3తో కూడా పోదు. 23 దగ్గర ఆశ పుడుతుంది, 23×22500 సరిగ్గా 517500, ఒకటి మిగిలిపోతుంది. ఎక్కడిదాకా చూడాలంటే, 720 వర్గం 518400 కాబట్టి 719 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి, చేత్తో చేస్తే విసుగే, పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) వచ్చినవాళ్ళు నాలుగు లైన్లు రాసుకోండి. ఏదీ పోదు, 517501 ప్రధాన సంఖ్య.

చిత్తూరు వాళ్ళు 517001 పట్టుకోండి. తీసివేస్తే 516 వస్తుంది, అది 7, 11, 13లో దేనితోనూ పోదు, అంకెల మొత్తం 14 కాబట్టి 3 కూడా కాదు, ఇక 17 నుంచి భాగించుకోవాల్సిందే.