జెండాల సంగతి తర్వాత, ముందు కుర్చీలు

నేను క్యాంపస్‌లో నడిపిన మొదటి బహుసంస్కృతుల సాయంత్రాన్ని అందరూ మెచ్చుకున్నారు. హాలు నిండింది. గోడల పొడుగునా జెండాలు, స్టేజి మీద వరసగా పది నృత్యాలు, ఆఖర్న గ్రూప్ ఫొటో. మర్నాడు జెండాలు విప్పుతుంటే రాత్రి ఆడినవాళ్లలో ఒకబ్బాయి సాయానికొచ్చాడు. అతని దేశం నుంచి మా దగ్గర చదివేది అతనొక్కడే. నిచ్చెన పట్టుకుని మాటల్లో మాటగా అన్నాడు: "రాత్రి మూడొందల మంది చప్పట్లు కొట్టారు మేడమ్. పొద్దున మెస్‌లో ఎప్పట్లాగే ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను."

జవాబు తోచక, జెండా మడత పెట్టడంలో మునిగిపోయినట్టు నటించాను. విద్యార్థి సంక్షేమ విభాగంలో అప్పటికి నాది రెండో నెల. ఇప్పుడు తొమ్మిదేళ్లయింది. ఈ పని కొత్తగా నెత్తిన పడ్డవాళ్లు వచ్చి బడ్జెట్ ఎంత పెట్టాలి, యాంకర్‌గా ఎవరైతే బాగుంటుంది అని అడుగుతుంటారు. నేను మాత్రం ముందు కుర్చీలు ఎవరు వేస్తున్నారని అడుగుతాను.

వెటకారానికి కాదు. వేర్వేరు వర్గాల మనుషులు ఒకచోట చేరినంత మాత్రాన అపోహలు పోవని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. ఇద్దరిదీ సమాన స్థాయి అయ్యుండాలి, లక్ష్యం ఒకటే అయ్యుండాలి, దానికోసం కలిసి పనిచెయ్యాలి, పైవాళ్ల మద్దతుండాలి అన్నాడు. మా నృత్యాల సాయంత్రంలో చూసేవాళ్లకి వీటిలో దక్కింది ఆఖరిదొక్కటే, డీన్ గారు ముందు వరసలో కూర్చున్నారు గనక. అదే ఇద్దరు కలిసి బరువైన టేబుల్ మోస్తే నాలుగూ కుదురుతాయి. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 515 అధ్యయనాలను కలిపి చూసి, ఈ నాలుగూ పూర్తిగా లేకపోయినా పరిచయం వల్ల విముఖత కొంత తగ్గుతుందనీ, అవి ఉన్నచోట ఇంకా బాగా తగ్గుతుందనీ తేల్చారు. కాబట్టి నృత్యాలు మానెయ్యమనడం లేదు. నృత్యం చేసే పిల్లాడికి నృత్యం ఒక్కటే మిగలకుండా చూడమంటున్నాను.

ఆరు వారాల ముందు

మొదటి మీటింగుకి పోస్టర్ డిజైన్ తీసుకెళ్లకండి. అన్నీ నిర్ణయించేసి "మీకు ఓకేనా?" అని అడిగితే ఎవరైనా ఓకే అనే అంటారు. తెల్లకాగితం తీసుకెళ్లండి. క్యాంపస్‌లో తక్కువమంది ఉన్న వర్గాన్ని ముందు మాట్లాడనివ్వండి, ఎక్కువమంది ఉన్నవాళ్లు ఎలాగూ మాట్లాడతారు.

ఇక్కడే అందరం చేసే తప్పొకటుంది. ప్రతి వర్గానికీ ఒక "ప్రతినిధి"ని వెతుకుతాం. ఏడాది పొడుగునా ప్రతి కమిటీకీ ఆ ముగ్గురు నలుగురు పిల్లలే తిరుగుతుంటారు. ఎక్కడికెళ్లినా తమ ఊరి దుస్తులు వేసుకుని తమ దేశం గురించి రెండు మాటలు చెప్పడమే వాళ్ల పని. అలాంటి ఒకమ్మాయిని నేనూ అదే అడగబోయి, ఎందుకో ఆగి, "నీకేం చెయ్యాలనుంది?" అన్నాను. సౌండ్ చూసుకుంటానంది. ఇంట్లో పాత రేడియోలు విప్పి బిగించిన చేతులట. ఆ ఏడాది నుంచి మా కార్యక్రమాల్లో మైకు కీచుమన్న పాపాన పోలేదు. ఆమెది ఏ దేశమో మా బృందంలో సగం మందికి నెల తర్వాత గానీ తెలియలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బయటినుంచి వచ్చే లైటింగ్ వాళ్లకి బేరమాడకుండా ఇస్తాం. మూడు రాత్రులు మేలుకుని సంగీతం సాధన చేసిన మన విద్యార్థులకి మాత్రం సర్టిఫికెట్ చేతిలో పెడతాం. బడ్జెట్‌లో వాళ్ల పేరన ఒక పద్దు, తక్కువైనా సరే, ముందే రాయండి.

తేదీ

ఒకసారి మధ్యాహ్నం పూట కార్యక్రమం పెట్టి తీరా చూస్తే అది ఉపవాసాల నెల. ఎవరికోసం పెట్టామో వాళ్లలో చాలామంది తినుబండారాల బల్లకి దూరంగా, హాలు చివర మర్యాదగా కూర్చున్నారు. నేను చూసింది కిందటేడాది క్యాలెండర్! ముస్లింల హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే, కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. చాంద్రమాన చైనా కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. యూదుల పండగ ముందురోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది, అందుకని క్యాలెండర్లో పండగ రేపు కదా అని ఇవాళ సాయంత్రం ఖాళీ అనుకోకూడదు. కొన్ని ఆర్థడాక్స్ చర్చిలకి క్రిస్మస్ జనవరి 7న. అన్నీ తప్పించడం ఎవరివల్లా కాదు. ఏదైనా తగిలితే మాత్రం ఆ విద్యార్థుల దగ్గరికి ముందే వెళ్లి చెప్పండి, వాళ్లే ఒక్కోసారి దారి చూపిస్తారు. మాకు "సూర్యాస్తమయం తర్వాత పెట్టండి, వంట మేమే చూసుకుంటాం" అన్నారు.

ప్రపంచమంతా జరుపుకునే రోజుల్లో నాకు బాగా పనికొచ్చింది ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో అదే రోజున ఢాకాలో బెంగాలీకి అధికార భాష హోదా కావాలని ఊరేగిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, కొందరు చనిపోయారు. యునెస్కో 1999లో ఆ తేదీని ప్రకటించింది, 2000 నుంచి జరుపుతున్నారు. క్యాంపస్ పిల్లల వల్ల పుట్టిన రోజు గనక క్యాంపస్‌లో చెప్పుకోవడానికి దీనికి మించినది లేదు. ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక వైవిధ్య దినం మే 21. మంచి రోజే, కానీ మా దగ్గర అప్పటికి పరీక్షలు.

ఫిబ్రవరి 21న మేం భాషల బల్లలు వేస్తాం. బల్లకొక భాష, ఒక గురువు, నలుగురు శిష్యులు, పది నిమిషాలు. గంట కొట్టగానే బల్ల మారాలి. "మీ భాషలో ఏదైనా అనండి, వింటాం" అనడం నిషేధం, అది మనిషిని చిలక చేసినట్టుంటుంది. దానికి బదులు పని ఇవ్వండి: ఆ లిపిలో తమ పేరు రాయాలి, లైబ్రరీకి దారి అడగాలి. గురువులు విద్యార్థులే కానక్కర్లేదు. రెండో ఏడాది మా భవనం ఊడ్చే ఆవిడ ఒక బల్ల దగ్గర కూర్చుంది. ఆమె మాతృభాషకి సొంత లిపి లేదు, కాబట్టి రాయడం వదిలేసి ఉచ్చారణ మీద పడింది. సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన చేత ఒకే మాట ఏడుసార్లు అనిపించి, "ఇంకా రాలేదు" అని తల అడ్డంగా ఊపింది. ఆయన ఎనిమిదోసారి అన్నాడు. సమాన స్థాయి అని ఆల్‌పోర్ట్ చెప్పినదాన్ని నేను కళ్లారా చూసింది అప్పుడే.

గుమ్మం దగ్గర

ఒంటరిగా వచ్చినవాళ్లు ఉండాలో వెళ్లాలో మొదటి పది నిమిషాల్లోనే తేల్చుకుంటారు. ఫోన్ తీసి చూస్తారు, గోడ వారగా నిలబడతారు, కాసేపటికి కనిపించరు. అందుకే గుమ్మం దగ్గర ఇద్దర్ని పెడతాను. నవ్వుతూ నమస్కారం పెట్టడం వాళ్ల డ్యూటీ కాదు, పని అంటగట్టడం. "ఈ పెట్టె ఆ మూల ఎర్ర చొక్కా అమ్మాయికి ఇచ్చి రాగలరా?" ఎర్ర చొక్కా అమ్మాయి ఆ పెట్టె అందుకుని ఇంకో పని చెబుతుంది. పెట్టెలో ఒక్కోసారి ఏమీ ఉండదు. ఈ గుట్టు రెండుసార్లు బయటపడింది, ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు, అందులో ఒకరు ఇప్పుడు గుమ్మం దగ్గరే పనిచేస్తున్నారు.

బ్యాడ్జీల మీద పేర్లు అడ్మిషన్ జాబితా చూసి ముద్రించకండి. లావు మార్కర్ ఇచ్చి, ఎలా పిలిపించుకోవాలనుకుంటే అలా వాళ్లనే రాసుకోమనండి. స్టేజి మీద పిలవాల్సిన ప్రతి పేరునీ యాంకర్ ముందే ఆ మనిషి నోటినుంచి విని, తనకొచ్చిన లిపిలో రాసుకోవాలి. మళ్లీ చెప్పమని అడగడంలో నామోషీ లేదు. నోరు తిరగట్లేదని సొంతంగా ముద్దుపేరు పెట్టెయ్యడమే తప్పు. అలాగే యాస మీద జోకులు వద్దని యాంకర్‌కి ఒక్క వాక్యంలో, ముందే, మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రతి వంటకం ముందూ అందులో ఏమేం పడ్డాయో చీటీ ఉండాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో "మీరు రావాలంటే మేమేం చెయ్యాలి?" అని ఖాళీ వదలండి. గంట దాటే కార్యక్రమానికి సైగల భాష అనువాదకులు ఇద్దరు కావాలి, సుమారు 20 నిమిషాలకోసారి మార్చుకుంటారు. వాళ్లు రాత్రికి రాత్రి దొరకరు.

కథలు చెప్పించేటప్పుడు

మనుషులనే పుస్తకాల్లా కాసేపు అరువిచ్చే పద్ధతి ఒకటుంది. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో హ్యూమన్ లైబ్రరీ పేరుతో మొదలైంది. ఆ పేరు వాడదలిస్తే ఆ సంస్థ అనుమతి తీసుకోండి, పేరు లేకుండా చిన్నగా చేసుకున్నా ఫలితం ఉంటుంది. ఎదురుగా కూర్చుని అరగంట, అడగాలనుకున్నది అడగొచ్చు. మనిషిని ప్రదర్శనవస్తువు చేసే ప్రమాదం ఇందులోనే ఎక్కువ. అందుకని "పుస్తకం" ఎప్పుడైనా మూసుకోవచ్చని, కారణం చెప్పనక్కర్లేదని ఇద్దరి ముందూ చదివి వినిపిస్తాను. అయ్యాక వాళ్లతో టీ తాగడానికి ఒక మనిషిని కేటాయిస్తాను. గాయాలు చెప్పుకున్నవాళ్లని ఒంటరిగా గదికి పంపకూడదు.

కొత్తవాళ్ల స్వాగత సభకి సీనియర్లను పిలిస్తే విజయగాథలు చెబుతారు, అవి కొత్తవాళ్లని ఇంకా కుంగదీస్తాయి. మొదటి నెల ఏమనిపించింది, ఏం చేశావు, ఎప్పుడు తేలికపడ్డావు, ఈ మూడే చెప్పమనండి. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగం ఇలాంటిదే. నేనిక్కడ ఇమడనేమో అన్న శంక అందరికీ ఉంటుందనీ కాలంతో తగ్గుతుందనీ చెప్పే సీనియర్ల అనుభవాలను మొదటి సంవత్సరం వాళ్ల చేత చదివించారు. తర్వాత, రాబోయే జూనియర్ల కోసమంటూ వాళ్ల చేతే రాయించారు. గంట సేపటి పని. నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో మెరుగై, తెల్లవాళ్లతో తేడా సగానికి తగ్గింది. నాకు నచ్చింది వాళ్ల చేత రాయించిన ఆ రెండో భాగం. సాయం తీసుకునేవాడి చేతిలో కలం పెట్టి సాయం చేసేవాణ్ణి చేశారు. దీన్నే 22 విద్యాసంస్థల్లో దాదాపు 27 వేల మందితో చేసి 2023లో ప్రచురించినప్పుడు ఇంకో సంగతి తేలింది. ఆ విద్యార్థులకి నిజంగా చోటిచ్చిన క్యాంపస్‌లలోనే ఇది పనిచేసింది. మిగతాచోట్ల మాటలు మాటలుగానే మిగిలాయి.

మర్నాడు

ఎంతమంది వచ్చారని పైనుంచి అడుగుతారు, ఆ అంకె ఇచ్చెయ్యండి. మీకోసం వేరే లెక్క రాసుకోండి: ఈసారి మొదటిసారి వచ్చినవాళ్లలో వచ్చేసారి పనిచేసేవాళ్లు ఎందరు? ఆ లెక్క పెరగాలంటే రెండో సమావేశం మూడు వారాల్లోపు జరగాలి, దాని తేదీ జనం హాల్లో ఉండగానే చెప్పాలి. అది చిన్నదైనా చాలు, స్టోర్‌రూమ్ సర్దడమైనా చాలు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తర్వాతివాళ్లకి అందులో ఉండాల్సినవి గొప్ప ఆశయాలు కాదు. మూడో స్విచ్ వేస్తే ఫ్యాన్ కాదు స్టేజి లైటు వెలుగుతుందని, వెనక తలుపు తొమ్మిదింటికి మూసేస్తారని, ఏ జెండాకి ఏది పైవైపో. మా నోట్‌బుక్కూ స్టోర్‌రూమ్ తాళమూ ఈ ఏడాది ఒక మొదటి సంవత్సరం విద్యార్థి దగ్గరున్నాయి. జెండాల పేజీ చదవకుండానే రెండు తలకిందులుగా కట్టించాడు. ఆ రెండు దేశాల పిల్లలూ నిచ్చెన కోసం కొట్టుకుని, చివరికి ఒకరు ఎక్కి ఒకరు పట్టుకుని సరిచేశారు. తర్వాత ఆ పేజీ కింద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "ముందు ఇది చదువు" అని రాశాడు.