బండి దిగితే నడుం పట్టేస్తోందా? ముందు గాలి, తర్వాత సీటు

రోజూ 30, 40 కిలోమీటర్లు తిరిగి సాయంత్రం బండి దిగేసరికి నడుం లేవనివ్వట్లేదని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: టైర్లలో గాలి ఎంత ఉంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. పంక్చర్ షాపులో ముందూ వెనకా ఒకే లెక్కన 35, 40 కొట్టించుకుని ఒక్కరే తిరుగుతుంటారు, టైరు రాయిలా ఉంటే గతుకంతా నడుముకే కదా. 100, 125 సీసీ బళ్లలో చాలావాటికి ఒక్కరే వెళ్లేటప్పుడు ముందు 25, వెనక 28-29 పీఎస్ఐ సరిపోతుంది. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకోండి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. ఈ ఐదు నిమిషాల పని చెయ్యకుండా దయచేసి షాక్ అబ్జార్బర్లు మార్చకండి.

స్పీడ్ బ్రేకర్ దిగగానే వెన్నులోకి ఠక్కున కొడుతోందా? పండక్కి సామానుతో, ఇంట్లోవాళ్లతో ఊరెళ్తూ వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగులు చివరి మెట్టుకు, అంటే అన్నిటికంటే గట్టి మెట్టుకు, బిగించి అలాగే వదిలేసి ఉంటారు. ఒక్కరే తిరిగేటప్పుడు ఒకటో రెండో మెట్టు చాలు, రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతుంటే జతగా మార్చేయండి.

గాలి సరిగ్గా ఉంది, స్ప్రింగులూ బాగున్నాయి, అయినా అరగంటకి నడుం కింద సలుపు మొదలవుతోంది అంటే సీటు చూడండి. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. షాక్ అబ్జార్బర్ల జత మార్పించాను, హ్యాండిల్ కాస్త వెనక్కి తిప్పించాను, నొప్పి తగ్గలేదు. సీటు మీద అనుమానమే రాలేదు, ఏడాది క్రితమే కొత్త కవరు వేయించాను, బిగుతుగా, నున్నగా ఉంది. ఒకరోజు బ్యాటరీ కోసం సీటు ఊడదీసి, నేను కూర్చునే చోట బొటనవేలితో నొక్కితే వేలు దిగిపోయి అడుగు ప్లాస్టిక్కుకు తగిలింది. వెనకవాళ్లు కూర్చునే చోట నొక్కితే స్పాంజి వేలిని పైకి నెట్టింది. నలిగిపోయిన పాత స్పాంజి మీదే కొత్త కవరు లాగి కుట్టేశారన్నమాట! అలా గుంట పడితే మనకు తెలియకుండానే ట్యాంకు వైపు జారతాం, తుంటి వెనక్కి వాలి నడుం విల్లులా వంగుతుంది, ఆ వంగిన నడుం మీదే ప్రతి గతుకూ పడుతుంది.

కాబట్టి సీటు కుట్టించేటప్పుడు అక్కడే నిలబడి పాత స్పాంజి తీయించండి. అడుగున గట్టి స్పాంజి, పైన పల్చగా మెత్తది వేయమనండి. సోఫా స్పాంజి మాత్రం వద్దు, కూర్చోగానే హాయిగా ఉంటుంది, కొన్నాళ్లకే అణిగిపోతుంది. సీటు ముందుకు వాలకూడదు, మరీ ఎత్తూ పెరగకూడదు, ఆగినప్పుడు కాళ్లు నేలకు ఆనాలి. సీటు కింద ఫ్రేమ్ మీద ఆనే చిన్న రబ్బరు దిమ్మలు అన్నీ ఉన్నాయో లేదో కూడా చూడండి, సర్వీసింగ్‌లో ఊడితే మళ్లీ పెట్టేవాళ్లు తక్కువ.

రిమ్ వంకర, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చెయ్యి) బుష్ అరుగుదల లాంటివి అరుదు, ఉంటే మెకానిక్కే పట్టేస్తాడు.

నొప్పి కాల్లోకి దిగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా బండిని పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం మీద పట్టు తప్పితే ఆ క్షణమే ఆసుపత్రికి.