ప్లగ్గులు మార్చే ముందు వాక్యూమ్ గేజ్ పెట్టి చూడండి

పాత పెట్రోల్ పికప్ ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు) వణుకుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోతే చాలామంది నేరుగా ప్లగ్గులు, కాయిల్ మార్చేస్తారు. చాలాసార్లు డబ్బు దండగ. ముందు వాక్యూమ్ గేజ్‌ను (ఇంజను గాలి పీల్చే బలాన్ని కొలిచే మీటరు) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, అంటే ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాల భాగానికి తగిలించండి. ఇంజను వేడెక్కాక ఐడిలింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య కదలకుండా నిలబడాలి (ఎత్తైన ప్రాంతాల్లో ఇంకాస్త తగ్గుతుంది). నిలకడగానే ఉండి బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో లీకు నుంచి గాలి లాగుతోంది, లేదా ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనకబడింది. ఎండి పగిలిన రబ్బరు గొట్టాలే ఎక్కువసార్లు దొంగలు. బ్రేక్ బూస్టర్‌కి (బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే భాగం) వెళ్లే గొట్టాన్ని మర్చిపోకండి, నేను మర్చిపోయి ఒక రోజంతా పోగొట్టుకున్నాను. ముల్లు ఒకే లయలో టక్కుటక్కున పడుతుంటే వాల్వుల సంగతి చూడాలి.

తర్వాత ఇంజనును 2500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు పట్టి ఉంచండి. రీడింగ్ మెల్లమెల్లగా జారిపోతుంటే పొగ బయటికి పోయే దారి మూసుకుంది. ముందు అనుమానించాల్సింది కెటలిటిక్ కన్వర్టర్‌నే (పొగ దారిలో ఉండి పొగను శుభ్రం చేసే డబ్బా). అదీ బాగుంటే పెట్రోల్ ప్రెజర్‌ను బండి లోడు మీద ఉన్నప్పుడు కొలవాలి, ఐడిలింగ్‌లో సరిగ్గా చూపించి ఎత్తులో చేతులెత్తేసే పంపులుంటాయి.

గాలి లీకు వెతకడానికి వేడి ఇంజను మీద కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) మాత్రం కొట్టకండి, అంటుకుంటుంది.