పంపు కొడుతోంది, మెయిన్ ట్యాంకు నిండటం లేదు: సొంతంగా కట్టుకున్న విమానంలో ఫ్యూయల్ ట్రాన్స్‌ఫర్ సమస్యలు

ఇక్కడ చెప్పేది మామూలు అమరిక గురించే. ఇంజిన్‌కి ఇంధనం ఎప్పుడూ మెయిన్ ట్యాంకు నుంచే వెళుతుంది. ఆగ్జిలరీ, అంటే అదనపు ట్యాంకులో ఉన్నదాన్ని చిన్న ఎలక్ట్రిక్ పంపు మెయిన్‌లోకి తోస్తుంది. కింద చెప్పిన పరీక్షలన్నీ హ్యాంగర్ బయట, విమానానికి ఎర్తింగ్ ఇచ్చి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో పెట్టుకుని చేయండి.

పంపు శబ్దం వస్తోంది, మెయిన్ గేజి కదలడం లేదు

ముందు ఆగ్జిలరీ ట్యాంకు మూత తీయండి. పంపు విప్పకముందే, కొత్త పంపుకి ఆర్డర్ పెట్టకముందే ఈ పని చేయండి. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోయినా, మూత తీశాక ఇంధనం పారడం మొదలైనా వెంట్, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే దారి, మూసుకుపోయిందని అర్థం. ట్యాంకులోంచి ఎంత ఇంధనం బయటికి వెళితే అంత గాలి లోపలికి రావాలి. అది రాకపోతే ఎంత మంచి పంపు అయినా కాసేపటికి చేతులెత్తేస్తుంది. వెంట్ పైపులో కందిరీగ కట్టిన మట్టిగూడు, రంగు వేసేటప్పుడు అంటించి తీయని టేపు, క్లాంపు కింద నలిగిన పైపు, వంపులో నిలిచిపోయిన ఇంధనం: దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటే ఉంటుంది. అర నిమిషం పట్టే ఈ పరీక్ష వదిలేసి మంచి పంపులు పారేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

నేల మీద బాగా పారి, గాలిలోకి లేచాక ఆగిపోతే వెంట్ మూతి ఎక్కడ ఉందో చూడండి. రెక్క పైభాగంలో పీడనం తక్కువగా ఉంటుంది. వెంట్ అలాంటి చోట తెరుచుకున్నా, రెక్క మీది మూతకు ఉండే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఎండిపోయినా ట్యాంకులోని గాలిని బయటి ప్రవాహం లాగేస్తుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పారుతుంది, సగానికి దిగాక పారదు

నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. పంపుకి ముందున్న పైపులో, అంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న సక్షన్ వైపు, ఎక్కడో ఎయిర్ పట్టేస్తోంది. చిల్లుపడిన స్ట్రాతో తాగినట్టు, పంపుకి ఇంధనం బదులు గాలి అందుతుంది. దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, చుక్క కూడా కారదు. లోపల పీడనం బయటికన్నా తక్కువ కాబట్టి ఇంధనం బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. అందరూ ఫిట్టింగుల కింద తడి కోసం వెతికి, పొడిగా ఉందని తృప్తిపడి పంపు మీద పడతారు.

ట్యాంకు నిండుగా ఉంటే ఇంధనం బరువే పంపు దాకా నెడుతుంది కాబట్టి లోపం బయటపడదు. మట్టం లోపమున్న జాయింటు కన్నా కిందికి దిగాక పంపు పైకి లాగాల్సి వస్తుంది, అప్పుడే గాలి దూరుతుంది. నిండు ట్యాంకుతో పరీక్షించి బాగుందనుకున్న సిస్టమ్ సరిగ్గా అవసరమైన వేళకు ఆగిపోయేది ఇందుకే. పరీక్ష ఎప్పుడూ పావు ట్యాంకుతో చేయండి. చెవి కూడా పెట్టండి: ఇంధనం లాగుతున్న క్యూబ్ పంపు (ఇలాంటి చోట వాడే చిన్న పెట్టెలాంటి ఎలక్ట్రిక్ పంపు) నిలకడగా టకటకమంటుంది, గాలి లాగితే వేగం పెరిగి డొల్లగా మోగుతుంది.

పట్టుకునే పద్ధతి ఇది. పంపు ఇన్‌లెట్‌కి ముందు జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెట్టి పంపు వేయండి. బుడగలు కనిపిస్తే అనుమానం తీరినట్టే. తర్వాత ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటు విప్పి, అక్కడి నుంచి క్యాన్‌లోని ఇంధనాన్ని లాగించండి. ఏ జాయింటు దాటాక బుడగలు ఆగాయో దోషం దానికి ముందు ఉంది. సబ్బు నీళ్ల పరీక్ష కూడా చేయొచ్చు. ఖాళీ చేసి ఆరబెట్టిన పైపుని రెండు వైపులా విడదీసి, చేతి పంపుతో కొద్దిగా గాలి ఎక్కించాలి. ట్యాంకుకి మాత్రం కంప్రెసర్ తగిలించకండి. పల్చటి రేకు ట్యాంకు ఉబ్బిపోతుంది. 70 సెంటీమీటర్ల నీటి మట్టమే దాదాపు 1 పీఎస్ఐ, అంతకు మించి ట్యాంకు పరీక్షకు అక్కర్లేదు.

సబ్బు నీళ్లకు దొరకని దొంగ ఒకటుంది, సెలెక్టర్ వాల్వు (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో మార్చే వాల్వు) కాడ చుట్టూ ఉండే ఓ-రింగ్. కొన్ని ఓ-రింగులు లోపలి నుంచి తోస్తే బిగుసుకుంటాయి, లాగితే వదులవుతాయి. అందుకే నా నమ్మకం బుడగల పరీక్ష మీదే.

ఇక ఫ్లేర్లు, అంటే ఫిట్టింగులో ఆనేలా గరాటులా విప్పిన పైపు కొసలు. విమానాల్లో వాడే ఏఎన్ (ఆర్మీ-నేవీ ప్రమాణం) ఫిట్టింగులకు 37 డిగ్రీల ఫ్లేర్ కావాలి. కార్లకు వాడే మామూలు టూల్ 45 డిగ్రీలది. నట్టు చక్కగా బిగుస్తుంది, చూడ్డానికి తేడా తెలియదు, కానీ లోహం సన్నటి గీత మేరకే ఆనుతుంది. ఇంకాస్త బిగిస్తే ఫ్లేర్ పగులుతుంది తప్ప సీల్ కాదు. ఆ ముక్క కోసి పారేసి సరైన టూల్‌తో మళ్లీ చేయండి. ఫ్లేర్ మీద టెఫ్లాన్ టేపు అసలు చుట్టొద్దు. అక్కడ సీల్ చేసేది లోహమే, టేపు పీలికలు పోయి పంపులో ఇరుక్కుంటాయి. పైపు మరలకు ఇంధనాన్ని తట్టుకునే సీలెంట్ రాయండి, మొదటి మర మాత్రం శుభ్రంగా వదలండి.

వీలుంటే పంపుని ట్యాంకు అడుగు కన్నా కిందికి మార్చండి. అప్పుడు పైకి లాగాల్సిన పనే ఉండదు. ఎండల్లో కారు పెట్రోలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అది ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) కన్నా తేలిగ్గా ఆవిరవుతుంది, సక్షన్ పెరిగితే పైపులోనే ఆవిరి కడుతుంది.

మెయిన్ నిండి వెంట్ నుంచి కారిపోతోంది

పంపు ఆపితే పారడం ఆగుతుందనుకోకండి. చాలా క్యూబ్ పంపులు కరెంటు లేకపోయినా ముందుకు పారనిస్తాయి. ఆగ్జిలరీ ఎత్తులో ఉంటే సైఫన్ అయి పారుతూనే ఉంటుంది. షటాఫ్ వాల్వు పెట్టండి. స్విచ్ పక్క దీపాన్ని కూడా నమ్మొద్దు, అది కరెంటు వెళుతోందని చెబుతుంది తప్ప ఇంధనం వెళుతోందని కాదు. కొలత గుర్తులున్న క్యాన్‌లోకి ఒక నిమిషం పారించి చూడండి. నిమిషానికి లీటరున్నర వస్తే 20 లీటర్లకు 13 నిమిషాలు పైచిలుకు. ఆ లెక్కకు టైమర్ పెట్టుకుని, మెయిన్‌లో అంత ఖాళీ ఏర్పడ్డాకే మొదలుపెట్టండి.

పారుతోంది గానీ నెమ్మదిగా

ఫిల్టర్ తీసి చూడండి. కొత్త ట్యాంకుల్లోంచి సీలెంట్ తునకలు, ఫైబర్ పొడి, అల్యూమినియం రజను మొదటి గంటల్లోనే వచ్చేస్తాయి. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే పంపు నడుస్తుండగా దాని టెర్మినళ్ల దగ్గరే వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర కొలిస్తే లాభం లేదు. తగ్గుదల ఎక్కువగా ఎర్త్ వైరులోనే ఉంటుంది.

పంపు తిరగేసి బిగించడం, చెక్ వాల్వు ఇరుక్కోవడం, పంపు నిజంగానే పాడవడం కూడా జరుగుతాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

బాగుచేశాక మొదటిసారి గాలిలో ట్రాన్స్‌ఫర్ చేసేది ఎయిర్‌ఫీల్డ్ పైనే చేయండి. తర్వాతి ప్రయాణాల్లో కూడా, ఆగ్జిలరీ నుంచి చుక్క రాకపోయినా మెయిన్‌లో ఉన్నదాంతో రిజర్వు మిగిల్చుకుని దిగగలిగే దూరంలో ఉన్నప్పుడే స్విచ్ వేయండి.